పెదవి మీద ముద్ర

మేడ్చల్,
జనవరి నెలాఖరు.

తమ్ముడు నగేష్‌కు అక్క దీవెనలు.

పొద్దున దీపం పెట్టి ఈ కాగితం ముందు కూర్చున్నాను. నువ్వు నిర్మల్‌లో తన ఇంట్లో దిగావని, బస్సులో మెడకు గుడ్డ సరిగ్గానే కప్పుకున్నావని చెల్లె ఫోన్ చేసి చెప్పింది. నీతో నేను ఫోన్‌లో మాట్లాడలేను. మాట్లాడితే ఇటునుంచి నేనొక్కదాన్నే మాట్లాడాలి, అటునుంచి నీ ఊపిరి చప్పుడు వినాలి. అది నా వల్ల కాదు. ఫోన్ మీద అక్షరాలు నొక్కడమూ రాదు. అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది. ఉత్తరమే రాస్తాను. నువ్వూ రాయి.

గొంతులో గడ్డ తీసేటప్పుడు మాట కూడా పోతుందని డాక్టర్ ముందే చెప్పాడు. దుమ్ము తగలకూడదనీ చెప్పాడు. ఇక్కడ హైవే మీద వంతెన పని అవుతూనే ఉంది. పొద్దున గడప ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ దుమ్మే. మెడలో రంధ్రంతో నువ్వు ఇక్కడ ఉండలేవు. వానలు పడి దుమ్ము అణిగాక వద్దువుగాని.

వర్ష బాగుంది. తల్లి లేదు, తండ్రి దూరమయ్యాడు అని వాడకట్టు వాళ్లు జాలిపడబోతే ఊరుకోవడం లేదు. ఇంటర్ చదువుతూనే పొద్దూ మాపూ నీ ట్రంపెట్ పట్టుకుంటోంది.

ఒక విషయం చెప్పాలి. శామీర్‌పేటలో కొత్త కాలనీలు వచ్చాయి కదా, అందులో చక్రపాణి గారని ఒకాయన ఉంటారు. కోస్తా వైపు వారు. మందుల కంపెనీలో ఉద్యోగం, శాక్సఫోన్ వాయిస్తారు. కాలనీ క్లబ్బు గదిలో ఆదివారాలు పిల్లలను కూర్చోబెట్టి జాజ్ బృందం నడుపుతున్నారు. వాళ్లమ్మాయి ధరణిది కీబోర్డు. సుచిత్ర చౌరస్తా నుంచి వచ్చే భానుతేజది డ్రమ్ములు. ఇంకా నలుగురు పిల్లలున్నారు. దసరా ఊరేగింపులో వర్ష ఊదుతుంటే ఆయన కారు పక్కకు ఆపి విన్నారట. నువ్వు ఆసుపత్రిలో ఉండగా వాకబు చేసుకుంటూ మన ఇంటికొచ్చి అడిగి తీసుకుపోయారు.

జాజ్ అంటే ఏమిటో నాకు అర్థమైనంత రాస్తాను. పాట అందరూ కలిసి మొదలు పెడతారు. మధ్యలో ఒక్కొక్కరికి ఖాళీ ఇస్తారు. ఆ ఖాళీలో ఎవరికి తోచింది వారు వాయించాలి. మిగతావాళ్లు ఆగకుండా కింద తాళం పట్టుకుని ఉంటారు. మొన్న వర్షకు ఖాళీ వచ్చింది. నీ అప్పగింతల పాట ఎత్తుకుంది. పెళ్లికూతురు కారెక్కేటప్పుడు నువ్వు ఊదేదే. చివర మాత్రం కిందికి దించకుండా పైననే వదిలేసింది. చక్రపాణి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

డోలు కొట్టే భిక్షం వచ్చి అడుగుతున్నాడు. మాఘమాసం పెళ్లిళ్లకు నువ్వు మాట ఇచ్చి ఉన్నావు, మేళం ముందు నిలబడి ఊదేది ఎవరు అని. రోడ్డు మీద గంటల తరబడి ఊదితే పదహారేళ్ల పిల్ల పెదవి తట్టుకోదని చక్రపాణి గారు అంటున్నారు. నీ మాట కోసం ఆగాను.

నీ అక్క,
సాలమ్మ.


నిర్మల్,
ఫిబ్రవరి.

అక్కా, దండం.

నీ కాయితం ముట్టింది. చెల్లె సదివి ఇనిపిస్త అంటె ఇయ్యలే, నేనే సదువుకున్న. నువ్వు బడిపోరలకు రాసినట్టు గుండ్రంగ రాస్తవు. నాది కోడి గీకినట్టు ఉంటది, నవ్వకు.

గీడ మంచిగనే ఉన్న. సల్లగాలి, దుమ్ము లేదు. చెల్లె కొడుకు ఊకె నా మెడ గుడ్డ లేపి సూస్తడు. “మామా, గీ సందులకెల్లి పాట ఊదరాదు” అన్నడు. నాకు నవ్వొచ్చింది. నవ్వు గూడ మెడలకెల్లే వచ్చింది.

ఊదాలని సూసిన అక్కా. పోరనిది ప్లాస్టిక్ బూర ఉంటె మూతికి పెట్టుకున్న. బుగ్గలల్ల ఉన్న జరంత గాలి పోయింది, గంతే. తక్కిన ఊపిరంత గుడ్డ కిందికెల్లి బయట వడ్డది. మేడ్చల్ నుంచి మెదక్ దాక నా ఊదుడు ఎరగని ఊరు లేదు. ఇగ బూర గూడ పలుకుత లేదు.

జాజిపూలు ఎరుక గని జాజ్ ఎరుక లేదు నాకు. సారు మంచోడే అయితె పోనీ, నేర్సుకోనీ. కని పెళ్లిళ్లు ఆపకు. రావల్కోల్ గౌరయ్య పెళ్లికి మన తాత ఊదిండు, ఆయన కొడుకు పెళ్లికి నాయిన ఊదిండు. ఇప్పుడు మనుమడి పెళ్లి. వేరే మేళం ఆ ఇంటి గడప తొక్కితె నేను సచ్చిన లెక్క. నా గొంతు దవాఖానల పోయింది, నా మేళమన్న ఉండనీ.

వర్షకు ఇది సదివి ఇనిపియ్యి.

బిడ్డా, నీకు ఎదురుంగ నిలవడి నేర్పే నోరు లేదు నాకు, గందుకే రాస్తున్న. మౌత్‌పీసును పెదవి మీద గట్టిగ ఒత్తాలె. ఊది తీసినంక పెదవి మీద గుండ్రంగ, ఎర్రగ ముద్ర వడాలె. ముద్ర వడలేదంటె నువ్వు ఊదలేదన్నట్టే. డోలు, జనరేటరు, పటాకులు, అన్నిటి మీదికెల్లి నీ పాట పోవాలె. ఇంకోటి. పెళ్లికూతురు గడప దాటినంక మండపం దాక పాట తెగనియ్యొద్దు. నడుమల తెగితె ఆ పిల్ల కాపురానికి మంచిది గాదు. నాయిన నాకు చెప్పిండు, నేను నీకు చెప్తున్న. నువ్వు ఊదుతుంటె నా ఊపిరే పోతున్నదనుకుంట.

తమ్ముడు,
నగేష్.


మేడ్చల్,
హోళీ మరునాడు.

నగేష్‌కు,

నీ ఉత్తరం వర్షకు చదివి వినిపించాను. వింటున్నంతసేపు తల ఎత్తలేదు. అయ్యాక నా చేతిలోంచి తీసుకుని తనే మళ్లీ చదువుకుంది. మడిచి ట్రంపెట్ పెట్టెలో పెట్టుకుంది.

రావల్కోల్ పెళ్లి జరిగింది. ఆడపిల్లను ఒంటరిగా మేళంతో పంపలేక నేనూ వెళ్లాను. నీ ఎర్రకోటు చేతులు మడిచి కుట్టి తొడిగాను. వాకిట్లో గౌరయ్య కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. మనిషి వంగిపోయాడు గానీ నోరు వంగలేదు.

“ఏం రా భిక్షం, నగేష్ లేడని గీ పోరిని తోలుకొచ్చినవా? దీని ఊదుడు మా వాకిలి దాటుతదా?”

“మామా, చెవులల్ల దూది పెట్టుకోని కూసో. తర్వాత నన్ను తిట్టకు.”

“మాటలు మస్తు నేర్సినవ్. సూస్త గద.”

వర్ష ట్రంపెట్ పెదవికి ఆనించింది. కళ్లు మూసుకుని ఎత్తుకుంది. వీధి చివర పాలు పోస్తున్న మనిషి కూడా తిరిగి చూశాడు. మండపం దాకా తెగలేదు. గౌరయ్య దగ్గరకొచ్చి దాని తల మీద చెయ్యి పెట్టి, “నగేష్ బిడ్డవే” అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. నీకు రాయమన్నాడు.

ఇంటికొచ్చేసరికి పై పెదవి ఉబ్బింది. అద్దంలో చూసుకుని నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. “అత్తా, బాపు చెప్పిన ముద్ర వడ్డది సూడు!” వెన్న రాశాను. మర్నాడు ఇంకో పెళ్లి.

శామీర్‌పేటలో దీనికి చక్రపాణి గారు పూర్తిగా ఎదురు చెబుతున్నారు. నేను అక్కడే మూల కుర్చీలో జపమాల తిప్పుకుంటూ ఉంటాను కనుక అన్నీ చెవిన పడతాయి.

“వర్షా, ట్రంపెట్ బరువు పెదవి మొయ్యకూడదమ్మా. ఊపిరి మొయ్యాలి. మౌత్‌పీస్ తాకీ తాకనట్టు ఉండాలి.”

“రోడ్డు మీద తాకీ తాకనట్టు ఊదితె డోలు నవ్వుతది సార్.”

పిల్లలంతా నవ్వారు. ఆయనా నవ్వారు. తర్వాత నా వైపు చూసి, “అమ్మగారూ, నేను నవ్వుతున్నాను గానీ నాకు భయంగానే ఉందండీ” అన్నారు.

పిల్లలు ఎదుగుతున్నారు నగేష్. ధరణికి కాగితం మీద స్వరాల చుక్కలు లేకపోతే వేలు కదిలేది కాదు. మన వర్షకేమో చుక్కలు చదవడం రాదు. “ముందుగాల నోటితోని పాడు ధరణీ, మా మేళంల గట్లనే నేర్పుతరు, నోటికొస్తె వేళ్లకొస్తది” అని చెప్పింది. ఇప్పుడు ధరణి కాగితం మూసి వాయిస్తోంది. వర్షకు చుక్కలు చదవడం ధరణి నేర్పుతోంది. భానుతేజకు తొందరెక్కువ. వాడి తాళం పరుగెడుతుంది, వెనకాల మిగతా ఆరుగురూ పరుగెత్తాలి. “ఎవరన్నా తరుముతున్నరా అన్నా?” అని మన పిల్లే వాడిని ఆటపట్టిస్తుంది.

జూన్‌లో నగరంలో పిల్లల జాజ్ బృందాలన్నీ కలిసి వాయించే సభ ఉంది. మన అప్పగింతల పాటనే చక్రపాణి గారు జాజ్‌కు మలిచారు. మధ్యలో పెద్ద ఖాళీ అంతా వర్షకే ఇచ్చారు. చెన్నైలో ఒక సంగీత కళాశాల గురువులు వింటారట. నచ్చితే ఇంటర్ అయ్యాక ఉచితంగా చేర్చుకుంటారు. దానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించడం లేదు. దేవుణ్ని ఎప్పుడూ ఏమీ అడగను. ఇది అడిగాను.

సాలమ్మ.


నిర్మల్,
ఏప్రిల్.

అక్కా,

రావల్కోల్ పెళ్లి వీడియో చెల్లె ఫోన్లకు భిక్షం పంపిండు. ఎన్నిసార్లు సూసిననో లెక్క లేదు. చెల్లె ఫోన్ గుంజుకుంటె గని ఇడ్సలే. ఎర్రకోటుల నా బిడ్డ ముందుంటె ఆ డోళ్లు, ఆ లైట్లు అన్ని దాని ఎనకనే నడుస్తున్నయి. చెల్లె మొగడు ఎన్నడు నన్ను మెచ్చుకోనోడు “బావా, గిదేం ఊదుడు బావా” అన్నడు. నేను నోరు తెరిసిన, మాట రాలే. చెయ్యి ఊపిన.

చెన్నై ముచ్చట ఇని నిద్ర పట్టలే. మన ఇంట్ల ఎవ్వలన్న బడిల కూసోని ఊదుడు నేర్సిన్రా అక్కా? అది పోతది. పోయి తీరాలె. గా ఖాళీల అప్పగింతల పాట ఊదినప్పుడు హాలంత సప్పుడు బంద్ కావాలె.

ఒక్కటే తక్కువైంది. వీడియోల పాట రెండోసారి పైకి లేసినప్పుడు జర సన్నవడ్డది. ఒత్తుడు తక్కువైనట్టున్నది. సారు తాకీ తాకనట్టు అంటడేమో, హాల్ల కూసున్నోళ్లకు ఊదుడు ఒకటి, రోడ్డు మీద నడిచేటోళ్లకు ఊదుడు ఒకటి అని చెప్పు. పెదవి రాయి కావాలె. నాకు గూడ మొదట్ల వాసింది, నెత్తురొచ్చింది, తర్వాత గట్టివడ్డది. దానికి గూడ గట్లనే అయితది. వైశాఖం ముహూర్తాలు ఒక్కటి ఇడవొద్దు. ఎంత ఊదితె సభకు అంత తయారైతది.

బిడ్డా, ఇంక గట్టిగ ఒత్తు. భయపడకు. నేనున్న.

నగేష్.


మేడ్చల్,
మే.

నగేష్‌కు,

ఎండలు ముదిరాయి. మెడ గుడ్డ తడిపి కట్టుకో.

నీ ఉత్తరం వర్షకు ఇచ్చాను. చదువుకుంది.

మిగిలిన పెళ్లిళ్లకు వేరే ఊదేవాణ్ని చూసుకోమని భిక్షంతో చెప్పాను. గాజులరామారం పెళ్లి తర్వాత ఇక పంపను. కారణం అడగకు. అక్క మాటగా తీసుకో.

వర్ష తిరుగుతోంది, తింటోంది. దీపం దగ్గర నేను కాస్త ఎక్కువసేపు కూర్చుంటున్నాను.

సాలమ్మ.


నిర్మల్,
మే నెలాఖరు.

అక్కా,

నీ కాయితం నాలుగు ముక్కలున్నది. నువ్వు తక్కువ మాట్లాడే మనిషివే, నాకెరుక. కని ఇది తక్కువ మాట్లాడుడు గాదు, దాసిపెట్టుడు.

భిక్షం ఫోన్ చేసి చెల్లెతోని చెప్పిండట. పెళ్లోళ్లు తిట్టవట్టిన్రని, సుచిత్ర మేళం నుంచి ఎవన్నో కిరాయికి తెచ్చుకున్నడని. మన మేళం ముందట పరాయోడు ఊదిండా? నాయిన బతికుంటె నీ మొఖం సూస్తుండెనా?

వర్ష గూడ నాకు ఒక్క అక్షరం రాస్తలేదు. ముందుగాల చెల్లె ఫోన్లకు రెండు ముక్కలన్న రాసి పంపేది. ఏమైంది దానికి? కాలనీల సోకులు చూసి బాపు మేళమంటె సిగ్గొచ్చిందా? గా సారే చెప్పిండా, పెళ్లిళ్లల్ల ఊదుడు నామోషీ అని? ఏసీ గదుల ఊదేటోళ్లకు మా రోడ్డు మీద ఊదుడు కండ్లకు ఆనదు. తెలుసు నాకు.

నువ్వు ఎన్నడు నా మాట కాదనలేదక్కా. మన అమ్మ పోయినంక నువ్వు పెళ్లి గూడ చేసుకోకుండ మమ్మల్ని సాదినవు. గా మాట నేను మర్సిపోలే. కని గిప్పుడు నాకు కోపంగున్నది. అరవాలనున్నది. అరవనీకె గొంతు లేదు. కాయితం మీద అరుస్తున్న.

శ్రావణం ముహూర్తాలకు నేనే వస్త. దుమ్ము ఉండనీ, సావనీ. నేను పక్కన నిలవడ్త, అది ఊదాలె.

ఏమైందో చెప్పు.

నగేష్.


మేడ్చల్,
జూన్ చివర.

తమ్ముడూ,

అడిగావు కనుక చెబుతున్నాను. చెప్పవద్దని వర్ష తన చేతిలో నా చెయ్యి వేయించుకుంది. ఆ మాట తప్పుతున్నాను. దాని మీద డాక్టర్లు కత్తి పెట్టబోతున్నారు. తండ్రికి తెలియకుండా ఆ సమ్మతి కాగితం మీద నేను సంతకం చెయ్యలేను. కూర్చుని చదువు. చెల్లెను పక్కన ఉండమను.

గాజులరామారంలో పెళ్లికూతురి ఇంటి నుంచి మండపం చాలా దూరం. సందులన్నీ జనం, బండ్లు. అడుగు తీసి అడుగు వేయడానికే చాలాసేపు పట్టింది. వర్ష అప్పటికి ఆ వారమంతా ఊదుతూనే ఉంది. సగం దారిలో పై పెదవి లోపల ఏదో పుటుక్కుమందట, సూదిలోంచి దారం తెగినట్టు. నేను పక్కనే నడుస్తున్నాను. దాని కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. ఆపమని సైగ చేశాను. తల అడ్డంగా ఊపింది. పెళ్లికూతురు గడప దాటింది కదా. పాట తెగనివ్వలేదు. ఇంకా గట్టిగా ఒత్తిపట్టి మండపం దాకా ఊదింది. గడ్డం మీద నెత్తురు చూసి భిక్షం డోలు వదిలేసి దాన్ని పట్టుకున్నాడు. “ఎందుకు ఊదినవే పిచ్చిదానా, నేను డోలు కొట్టుకుంట పోకపోదునా?” అని ఏడ్చాడు.

వాపు తగ్గితే సర్దుకుంటుందనుకున్నాం. తర్వాతి ఆదివారం శామీర్‌పేటలో ట్రంపెట్ పెట్టుకుంటే గాలి పక్కలనుంచి పోయింది. కింది స్వరాలు ఏదో పలికాయి. పైది రాలేదు. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. పిల్లలు ఎవరూ కదల్లేదు. చక్రపాణి గారు వచ్చి మెల్లగా దాని చేతిలోంచి ట్రంపెట్ తీసుకున్నారు.

ఆయనే నగరంలో డాక్టర్ దగ్గరకు తీసుకుపోయారు. పెదవి చుట్టూ గుండ్రంగా కండ ఉంటుందట. అది లోపల చీలిపోయింది. కోసి కుట్టాలి. కుడితే తినడానికి, మాట్లాడడానికి ఇబ్బంది ఉండదు. ఊదడం సంగతి నేను అడిగాను. వర్ష వినకుండా బయట అడిగాను. “అది మర్చిపోవడమే మంచిదమ్మా” అన్నాడు డాక్టర్. చక్రపాణి గారికి చెబుదామని తిరిగేసరికి అది నా వెనకే ఉంది.

కారులో వస్తుంటే చక్రపాణి గారు అడిగారు. “ఎవరమ్మా నీకు అంత గట్టిగా నొక్కమని చెప్పింది?”

“ఎవ్వలు చెప్పలే సార్. నాకే అలవాటైంది.”

ఆ మాట అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చాక పెట్టె తెరిచి నీ ఉత్తరాలు తీసి నాకు ఇచ్చింది. “నీ ట్రంకుల దాసిపెట్టు అత్తా. సార్ సూస్తె బాపును ఏమన్న అంటడు.” నీ మీద ఒక్క మాట అనలేదు నగేష్. అదే నాకు మొయ్యరానిదిగా ఉంది.

సభ మొన్న జరిగింది. వర్ష ఖాళీని శాక్సఫోన్ వాయించే ఇంకో పిల్లకు ఇద్దామా అని చక్రపాణి గారు అందరినీ అడిగారట. భానుతేజ వద్దన్నాడు. “అది వర్షది సార్. ఉంచేద్దాం.” వర్ష కూడా ఎర్రగౌను వేసుకుని తన చోట నిలబడింది. ట్రంపెట్ చేతిలో ఉంది. పాట మొదలైంది. ఖాళీ వచ్చింది. ఎవరూ వాయించలేదు. కింద తాళం, కీబోర్డు మాత్రం నడిచాయి. ఎప్పుడూ పరుగెత్తే భానుతేజ ఆ వేళ పరుగెత్తలేదు. వర్ష ట్రంపెట్‌ను గుండెకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. దాని వేళ్లు మీటల మీద కదులుతున్నాయి. నాకు పాట వినబడిందని అనను. వినబడలేదు. వేళ్లు మాత్రం చూశాను.

జనానికి సంగతి తెలియదు. పాటే అంత అనుకుని చప్పట్లు కొట్టారు.

చెన్నై గురువులు ఈ ఏడే ఇంటర్ ముగించిన ధరణి పేరు రాసుకున్నారు. ధరణి వెక్కి వెక్కి ఏడ్చింది. వర్ష దాని భుజం చుట్టూ చెయ్యి వేసి, “నువ్వు కాగితం మూసి వాయించినవు సూడు, గందుకే పిలిసిన్రు. ఇగ ఏడ్వకు, కాటుక కారుతాంది” అంది. ఇంటికొచ్చాక ముఖం కడుక్కుని పడుకుంది. ఏడవలేదు.

నిన్ను తప్పు పట్టడానికి ఇది రాయలేదు. పంపింది నేను. పక్కన నడిచింది నేను. ఒత్తిడి వద్దని ఆయన చెబుతుంటే జపమాల తిప్పుకుంటూ విన్నది నేను. ఎవరు ఎంత అని పంచుకుంటే పిల్ల పెదవి బాగవదు.

వచ్చే వారం కోత. దాని కోసం దండం పెట్టుకో.

అక్క.


నిర్మల్,
జులై.

అక్కా,

సదివిన.

రెండు రోజులైంది. చెల్లె అన్నం పెట్టింది, తిన్న. ఎట్ల తిన్ననో తెల్వదు.

ఒత్తుమన్నది నేను. ఇంక గట్టిగ ఒత్తుమన్నది గూడ నేనే. నాకు తెలిసింది గదే అక్కా. నాయిన నాకు గదే చెప్పిండు. నాది రాయి మూతి. దానిది గట్ల గాదని నాకేమెరుక? ఎదురుంగ ఉంటె పెదవి సూసి ఆపుదును. కాయితం మీద ఏం కనవడ్తది?

ఒక్కటి అడుగుత, కాదనకు. నాకు తెలిసిందని వర్షకు చెప్పకు. అది నా కోసం దాసింది, దాసుకోనీ. బాపుకు తెల్వదు అనుకుంటెనే అది నా మొఖం సూడగల్గుతది. తెలిసిందంటె నా బాధ గూడ అదే మోస్తది. ఇప్పుడున్న బరువు సాలదా దానికి? నేను తెల్వనట్టే ఉంట. సచ్చేదాక ఉంట.

దానికి వేరే కాయితం రాసి ఇందులనే పెట్టిన. సదివి ఇనిపియ్యి.

నగేష్.


బిడ్డ వర్షకు బాపు దీవెనలు.

మంచిగున్నవా? నేను మంచిగున్న. గీడ వానలు మొదలైనయి. చెల్లె ఇంటెనక కుంట నిండింది. రాత్రంత కప్పలు ఒర్రుతున్నయి. నీ చిన్నత్త కొడుకు ఒక కప్పను పట్టి స్టీలు డబ్బల పెట్టిండు, చెల్లె పప్పు కోసమని మూత తీస్తె అది ఎగిరి ఆమె మీద వడ్డది. ఇల్లు పీకి పందిరేసింది. నాకు నవ్వి నవ్వి మెడ నొచ్చింది.

గీడ కొయ్యబొమ్మలు చేసేటోళ్ల దగ్గర కూసుంటున్న. రంగు వేసుడు నేర్పుతున్నరు. నీ కోసం ఒక చిలుకను చేసిన, ముక్కు జర వంకర వోయింది. నీకు నచ్చకుంటె అత్తకు ఇయ్యి, దేవుని దగ్గర పెట్టుకుంటది.

మంచిగ తిను. అత్త మాట ఇను. కాలేజి ఎగ్గొట్టకు. వానల తడవకు. జర లావు కావాలె నువ్వు, వీడియోల బక్కగ ఉన్నవు. ధరణిని, ఆ తరుముకుంట పోయే పోరన్ని అడిగిన అని చెప్పు. మీ సారు మంచోడు. ఆయనకు నా దండం చెప్పు.

నీ బాపు.


మేడ్చల్,
శ్రావణ శుక్రవారం.

నగేష్‌కు,

కోత అయింది. లోపలివైపు నుంచి కుట్టారు, బయటికి గాటు కనబడదు. మాట్లాడించవద్దన్నారు. అంగన్‌వాడీ నుంచి ఒక పలక తెచ్చి ఇచ్చాను. కావలసినది దాని మీద రాసి చూపిస్తోంది. మొదటి రోజే “ఉప్మా వద్దు” అని రాసింది. భానుతేజ చూడ్డానికొచ్చి దాని పలక లాక్కుని బొమ్మలు గీశాడు. ధరణి చెన్నై పోయే ముందు వచ్చి దాని మంచం పక్కనే ఒక పూట కూర్చుని వెళ్లింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. నీకు తెలిసిందని ఒక్క మాట అనలేదు. పిల్ల ఇంటికొచ్చి కాస్త కుదురుకున్నాక నీ ఉత్తరం తీసి చదివి వినిపించాను. కప్ప దగ్గర కళ్లతో నవ్వింది. పెదవి కదలకూడదు కనుక కళ్లతోనే. చిలుక దగ్గరా నవ్వింది. అయిపోయాక ఇంకా ఉందా అన్నట్టు చూసింది. లేదన్నాను. కాగితం తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

తర్వాత పలక తీసుకుంది.

“రెండు దిక్కుల నిండ రాసిండు. ట్రంపెట్ పేరే లేదు. నా బాపు గిట్ల రాయడు.”

నాకు అబద్ధం చెప్పే అలవాటు లేదు, నిజం చెప్పే అనుమతి లేదు. నా ముఖం చూసి అదే చెరిపేసి ఇంకోటి రాసింది.

“తెలిసింది గదా.”

తల ఊపాను. అప్పుడు ఏడ్చింది నగేష్. పెదవి కదలకుండా రెండు చేతులతో నోరు పట్టుకుని ఏడ్చింది. కుట్లు పోతాయేమోనని నేను దాని తల నా ఒళ్లో పెట్టుకుని కదలనివ్వలేదు. అంతసేపూ నా నోటికి ఏ దేవుడి పేరూ రాలేదు.

మర్నాడు పలక మీద “నేను పోత” అని రాసింది. ఎక్కడికని అడగలేదు. కుట్లు కాస్త ఆరనిమ్మని ఇన్నాళ్లు ఆపాను. ఇక ఆపడం నా వల్ల కాదు. నిర్మల్ దాకా భిక్షం తోడు వస్తున్నాడు. ఈ ఉత్తరం దాని చేతికే ఇస్తున్నాను. నువ్వు ఇది చదివేసరికి అది నీ ఎదురుగానే ఉంటుంది.

చదువుతూ తల దించుకుని ఉండిపోకు. తప్పు నాదే అని కాగితం మీద రాసి చూపించకు. దానికి అది చదివే ఓపిక లేదు. నీ మెడ చూసి అది భయపడదు, దాని పెదవి చూసి నువ్వు భయపడకు.

అన్నం చల్లార్చి పెట్టు. కారం తగలనివ్వకు. నెలాఖరు దాకా మాట్లాడవద్దన్నారు దాన్ని. నీకెటూ మాట లేదు. కొన్నాళ్లు ఇద్దరూ అట్లాగే పక్కపక్కన కూర్చోండి.

అక్క.